తొలి మూడేండ్లు – మన కర్తవ్యము

(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



 మాకంటె పెద్దలును, మాకంటె విద్వాంసులును ఈ వేదికపై ననేకులు గలరు. మేము వైద్యులము కాము. పిల్లలను పెంచి, ఆ పిల్లల పిల్లలనుగూడ నెత్తుకొనిన గృహస్థులము మాత్రమే. పెంచుటలో మేము చేసిన పొరపాటొకటి గలదు. దానిని దాచుకొనక చెప్పుటయే మా రాకకు ముఖ్యకారణము.

ప్రతి సంవత్సరమును మన సభలలో విద్యాభివృద్ధినిగూర్చి తీర్మానములు చేయుచున్నాము. విద్యార్థి వసతి గృహములకు దాతలు విరివిగా ధనమొసంగుచున్నారు. పరీక్షలలో నగ్రస్థానము వహించిన బాలబాలికలకు పతకములు పంచుచున్నాము. ఇవన్నియు మెచ్చదగిన పనులే. కాని మనము వేతనమిచ్చు నాటికి ఆ విద్యార్థికి పదునాఱేండ్లు నిండును. వాని శరీరమునకును, మెదడునకును పునాది పడినది పదుమూడేండ్లకు పూర్వము. పునాది త్రవ్వునాడు తొంగిచూడక, మేడకు సున్నము వేయునాడు మాత్రము వచ్చి చందా వ్రాయువారివలె మనము నడచుకొనుచున్నామని మాకు తోచుచున్నది. కావున బడి ముఖమింకను చూడని బిడ్డలను, అనగా పుట్టుక మొదలు మూడేండ్లలోపు శిశువులను గూర్చి ఈ దినమున మాటలాడ దలచితిమి.

ఈ విషయమున మన పూర్వులేమియు నెఱుగనివారనుట సరి కాదు. బిడ్డ బోర్లపడిననాడు మన యిండ్లలో బొబ్బట్లు చేయుదురు. కూర్చుండిననాడు కుడుములు, అడుగు వేసిననాడు అరిసెలు, గడప దాటిననాడు గారెలు. పలుకులు వచ్చిననాడు పంచదార చిలుకలు పంచిపెట్టుదురు. ఇది తినుటకై పుట్టిన వేడుక మాత్రమే కాదు. బిడ్డ యే నెలలో నేమి చేసెనో వీథివారందఱకును తెలియజేయు పద్ధతి. పొరుగింట బొబ్బట్లు వచ్చి మన యింట రానిచో, అవ్వ యొకతె వచ్చి ఉయ్యాలలోనికి తొంగిచూచెడిది. చదువు లేకున్నను ఆమె చూపులో లెక్క గలదు.

అయితే ఆ లెక్కలో నొక లోపము గలదు. చప్పుడు విని బిడ్డ తల త్రిప్పిననాడు చేయుటకు పిండివంట యేదియు లేదు. ఆ లోపమే మా యింట ననర్థము తెచ్చినది.

మా దౌహిత్రుడు నిండు నెలలతో పుట్టెను. అయిదవ నెలలో బోర్లపడెను; బొబ్బట్లు చేసితిమి. ఏడాది నిండకుండగనే నడచెను. అరిసెలు వీథియంతయు పంచితిమి. చూపు చుఱుకైనది, నవ్వు చక్కనిది. కాని పిలిచిన పలుకడు. “పెంకివాడు, తన ఆటలో తానుండును” అని మురిసితిమి. ఏడాదిన్నరకును మాట రాలేదు. మా కుమార్తె భయపడి, వైద్యునికి చూపుదమనెను. “మగపిల్లలకు మాట లాలస్యము, నాకును మూడవ యేట గాని రాలేదట” యని ఆమె నోరు మూయించిన వారము మేమే. ఒకనాడామె పట్టు విడువకుండుటచే, వాని వెనుక నిలిచి ఇత్తడి పళ్ళెము మ్రోగించితిమి. వాడు తిరిగి చూచెను. “చూచితివా, నీ భయము వట్టిది” యంటిమి. ఆ తిరుగుట చెవి వలన గాక, నేలపై మా నీడ కదలుట వలనను, పళ్ళెపు అదరు వలనను గావచ్చునని తరువాత వైద్యులు చెప్పగా తెలిసినది. రెండేండ్ల పది నెలలకు పరీక్ష చేయించితిమి. రెండు చెవులయందును వినికిడి మిక్కిలి తక్కువగ నున్నదని తేలినది. తల్లి ఏడాదిన్నరకే కనిపెట్టిన దానిని తాతగారి పెద్దఱికము మఱి పదునాఱు నెలలు మఱుగుపఱచినది.

ఆ పదునాఱు నెలలు ఏల విలువైనవో చెప్పెదము. చెవి పుట్టకముందే పనిచేయనారంభించును. గర్భమున కడపటి మూడు మాసములలో బిడ్డకు శబ్దములు వినబడును. పుట్టిన కొలది దినములకే తల్లి గొంతు నితరుల గొంతునుండి వేఱుగ గుర్తించును. ప్రహ్లాదుడు తల్లి కడుపులోనుండి నారదుని మాటలు వినెనను కథ మనకు క్రొత్త కాదు; నేటి శాస్త్రము చెప్పునది అంత గొప్ప సంగతి కాకపోయినను, ఆ త్రోవలోనిదే. 1984వ సంవత్సరమున కెనడా దేశమునందు జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అను పరిశోధకులొక సంగతిని ప్రకటించిరి. ఇంగ్లీషు మాత్రమే వినుచు పెరుగు బిడ్డలు ఆఱు మొదలు ఎనిమిది నెలల ప్రాయమున హిందీ భాషయందలి “త”కార “ట”కారముల భేదమును చక్కగ గుర్తించిరి. ఏడాది నిండునప్పటికి ఆ శక్తి చాల వఱకు తగ్గిపోయినది. ఆ భేదము మన తెలుగునందును గలదు. మన బిడ్డ యెల్లప్పుడు దానిని వినుచుండును గనుక నిలుపుకొనును. వినని బిడ్డ పోగొట్టుకొనును. అనగా తొలి యేటనే మెదడు తాను వినిన మాటలకు తగినట్లు తన్ను తాను దిద్దుకొనుచున్నది. ఏమియు వినబడని బిడ్డకు ఆ దిద్దుబాటు జరుగదు. కావుననే పుట్టిన నెలలోపల వినికిడి పరీక్షయు, మూడు నెలలలోపల రోగనిర్ణయమును, ఆఱు నెలలలోపల చికిత్సయు జరుగవలెనని వైద్యులు నియమము చేసికొనిరి. ఆ పరీక్ష కొలది నిమిషముల పని. బిడ్డ నిద్రించుచుండగనే చేయవచ్చును, నొప్పి లేదు.

ఇక దేహముయొక్క పెరుగుదల. నెలలు నిండి పుట్టిన బిడ్డ రెండున్నర కిలోలకు తక్కువ తూగరాదు. ఆ బరువు అయిదవ నెలకు సుమారు రెట్టింపు, ఏడాదికి సుమారు మూడింతలు కావలెను. పుట్టునాడు 50 సెంటీమీటర్ల పొడవున్న శిశువు ఏడాదికి 75 సెంటీమీటర్ల వఱకు పెరుగును. పుట్టిన తరువాత మరల నంత వేగముగా మనుష్యుడెన్నడును పెరుగడు. పుట్టునాటి మెదడు పెద్దవాని మెదడులో సుమారు నాలుగవ వంతు. రెండేండ్లకు అది నాలుగింట మూడు వంతులకు చేరును. ఇంత పని జరుగు కాలమున ఆహారము చాలనిచో, తరువాత నెన్ని నేతిగారెలు పెట్టినను ఆ కొఱత పూర్తిగ తీరదు.

“మా వంశమున నందఱును పొట్టివారే” యని కొందఱు సమాధానపడుదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 1997 మొదలు 2003 వఱకు బ్రెజిలు, ఘనా, భారతదేశము, నార్వే, ఒమాను, అమెరికా, ఈ ఆఱు దేశములలో ఆరోగ్యమైన యిండ్లయందు తల్లిపాలతో పెరుగు బిడ్డలను కొలిచిరి. మన దేశమున ఢిల్లీ నగరపు బిడ్డలను కొలిచిరి. తగిన పోషణ గలిగినచో తొలి యేండ్లలో అన్ని దేశముల బిడ్డలును దాదాపు నొక్క తీరుననే పెరుగుదురని తేలినది. ఆ కొలతలనే 2006లో ప్రపంచమంతటికిని ప్రమాణముగా ప్రకటించిరి. అయినను 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, వయస్సునకు తగిన యెత్తు లేని అయిదేండ్లలోపు బిడ్డలు ఆంధ్రప్రదేశమున నూటికి 31 మంది, తెలంగాణమున నూటికి 33 మంది కనబడిరి. మువ్వురిలో నొకడు! వాడు మన వీథిలోనివాడు కావచ్చును. మన బంధువుల యింటివాడు కావచ్చును.

పోషణకు గొప్ప ధనము కావలెనని భ్రమపడవలదు. పురుడు వచ్చిన గంటలోపలనే బిడ్డను రొమ్మునకు చేర్చవలెను. పసుపుపచ్చగ నుండు ముఱ్ఱుపాలు చెడుపాలని పిండి పాఱబోయు వాడుక కొన్ని యిండ్లలో నింకను గలదు. రోగములను నిలువరించు శక్తి నిచ్చునవి ఆ పాలే. మొదటి ఆఱు నెలలు తల్లిపాలు తప్ప తేనె గాని, పంచదార నీళ్ళు గాని, వట్టి మంచినీళ్ళు గాని అక్కఱలేదు. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించుట ప్రమాదముగూడను. ముక్కులలో, చెవులలో నూనె పోయుట మానవలెను.

ఆఱవ నెల నిండగనే అన్నప్రాశనము చేయుట మన యాచారము. శాస్త్రమును ఆ కాలమునే చెప్పుచున్నది. అయితే మనలో చాలమంది ఆనాడు వెండిగిన్నెతో పాయసము నాకించి, చిత్రపటము తీయించి, మఱునాటినుండి మరల పాలతోనే సరిపుచ్చుదురు. ఆఱు నెలల తరువాత పాలు మాత్రమే చాలవు. మెత్తగ నుడికించిన అన్నము, పప్పు, నేయి, ఆకుకూర, తినువారి యింట గ్రుడ్డు, చేతితో చిదిమి, పలుచగ గాక చిక్కగ పెట్టవలెను. మొదట దినమునకు రెండు మూడు మారులు, తొమ్మిదవ నెలనుండి మూడు నాలుగు మారులు. తల్లిపాలు మాత్రము రెండేండ్ల వఱకును, ఆపైనను ఈయవచ్చును. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగ మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థవారు గోధుమలు, శనగపప్పు, వేరుశనగలు, బెల్లము కలిపి బలమైన పిండి చేయు పద్ధతిని పేదబిడ్డలకొఱకు ప్రచారము చేసిరి. అందులో నంగడి డబ్బాపిండి యేదియు లేదు. అన్నియు మన వంటయింటి సరకులే.

ఇక నడవడిక. బిడ్డలందఱును ఒక్క తిథికి బోర్లపడరు; ఒక్క తిథికి నడువరు. ఆధారము లేక కూర్చుండుట నాలుగవ నెలకు జరుగవచ్చును, తొమ్మిదవ నెల నిండునప్పటికి జరుగవచ్చును. ఒంటరిగ నడచుట ఎనిమిది నెలలకు జరుగవచ్చును, పదునేడున్నర నెలలకు జరుగవచ్చును. నూటికి నలుగురు బిడ్డలు చేతులు మోకాళ్ళు ఊని పారాడకయే నడక నేర్తురు. కావున “మా వాడు మీ వానికంటె ముందు నడచె” నను పోటీ వలదు. తోడికోడండ్ర మధ్య కలహములు వలదు.

కాని తొందర లేకుండుట వేఱు, కన్ను మూసికొనుట వేఱు. మూడు నెలలకు నవ్వునకు మాఱు నవ్వకున్నను, నాలుగు నెలలకు మెడ నిలుపకున్నను, ఆఱు నెలలకు చప్పుడు వైపు తిరుగకున్నను, తొమ్మిది నెలలు నిండినను కూర్చుండకున్నను, ఏడాదికి పేరు పిలిచిన చూడకున్నను, పదునాఱు నెలలకు ఒక్క మాటయు పలుకకున్నను, ఏడాదిన్నరకు నడువకున్నను, రెండేండ్లకు రెండు మాటలు కలిపి చెప్పకున్నను వైద్యునికి చూపవలెను. వచ్చిన మాటలు మరల పోయినచో ఏ వయస్సునందైనను ఆనాడే చూపవలెను. చూపినందున నష్టము లేదు. ఏమియు లేదని తేలినచో సంతోషమే. చూపకుండుటవలన నేమి జరుగునో మీకు చెప్పియే యున్నాము.

ఆహారముతోబాటు బిడ్డకు మాటయు, ఆటయు కావలెను. జమైకా దేశమున కింగ్‌స్టన్ నగరమందు 1986–87లో ఎదుగుదల తగ్గిన 129 మంది బిడ్డలను ఎన్నుకొనిరి. కొందఱి యిండ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారమున కొక గంట చొప్పున రెండేండ్లపాటు వెళ్ళి, ఇంట చేసిన బొమ్మలతో బిడ్డ నాడించుట, మాటలాడించుట తల్లికి నేర్పిరి. ఇరువదేండ్ల తరువాత చూడగా, ఆ విధముగ ఆడించిన బిడ్డల సంపాదన అట్టి శిక్షణ లేనివారికంటె నూటికి 25 వంతులు హెచ్చుగ నుండెను. ఆ బొమ్మల ఖర్చెంత? మన తారంగమునకు, గుడుగుడుకుంచమునకు, చందమామను పిలుచు పాటకు ఖర్చెంత? ఇవి మనకు పుట్టుకతో నబ్బిన సొత్తు. కాని నేడు బిడ్డ యేడ్చిన సెల్ ఫోను చేతికిచ్చుచున్నాము. దానిని చూపుచు ముద్ద నోట కుక్కుచున్నాము. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లో రెండేండ్లు నిండని బిడ్డకు అట్టి తెరలు వలదనియు, ఆ తరువాతను దినమునకు గంట మించరాదనియు చెప్పిరి. ఫోను మాటలాడును గాని బిడ్డ మాటకు బదులు చెప్పదు. బిడ్డ “ఉంగా” యన్నపుడు తిరిగి “ఉంగా” యను మనుష్యుడు కావలెను. ఆ మనుష్యుడు తల్లియే కానక్కఱలేదు. ఈ సభలో ముందు వరుసలలో నాసీనులైన తండ్రులును, తాతలును ఆ పనికి తగినవారే.

సోదరులారా! కొంచెము కష్టమైన మాట యొకటి చెప్పవలసియున్నది. మా దౌహిత్రుని తల్లిదండ్రులు మేనబావ మఱదండ్రు. వాని లోపమునకు అదియే కారణమని వైద్యులు నిశ్చయించి చెప్పలేదు. కాని దగ్గఱ రక్తసంబంధమున వివాహములైనచో పుట్టుకతో వచ్చు లోపముల భయము సాధారణముకంటె సుమారు రెట్టింపగునని చెప్పిరి. అందు చెవుడును గలదు. మేనరికములందు పుట్టిన బిడ్డలలో నెక్కువమంది ఆరోగ్యవంతులే; అట్టి దంపతుల మనస్సు నొప్పించుట మా యుద్దేశము కాదు. అయినను ఆస్తి చెదరకుండుటకై మేనరికము చేయదలచువారు వైద్యుని సలహా పొందియే నిశ్చయించుకొనుట మంచిది. అట్లే బాలికల వివాహ వయస్సు. 1929 నాటి శారదా చట్టమునుగూర్చి మన తాతలు వాదులాడుకొనిరి. నేటి చట్టము ప్రకారము కన్యకు 18 ఏండ్లు నిండవలెను. అయినను పై సర్వేలోనే, ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో పదునెనిమిది నిండకయే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29 మంది యుండిరి. ఎదుగుచున్న తల్లికి పుట్టిన బిడ్డ తక్కువ బరువుతో పుట్టు భయ మెక్కువ. శిశువుయొక్క పెరుగుదల తల్లి పెరుగుదలతోనే మొదలగుచున్నది.

ఇంకొక లోపము మన ప్రతిష్ఠకు సంబంధించినది. 1975 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము వలన గ్రామగ్రామమున నంగన్‌వాడీలు వెలసినవి. అచట బిడ్డ బరువు తూచి, ఆ బరువును పట్టికలో వ్రాయుదురు. “అది పేదలకు, మన పిల్లలచట కూర్చుండుట యేమి?” యని మన కుటుంబములు కొన్ని దూరముగ నుండుచున్నవి. ఆ త్రాసు కులమును తూచదు, బిడ్డను తూచును. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకు వచ్చి బిడ్డలను పరీక్షించి, లోపమున్నవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. మా మనుమని ఆ వాకిట నొక్కమారు నిలిపియున్నచో, మా కంటికి కనబడని లోపము వారి కంటికి కనబడి యుండెడిదేమో. మా గౌరవము మమ్ము నిలువనీయలేదు.

కావున ఈ మహాసభవారికి మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది: ప్రతి జిల్లా శాఖయు తన పరిధిలో పుట్టిన బిడ్డల పట్టిక యుంచి, ప్రతి శిశువునకు మొదటి నెలలోనే వినికిడి పరీక్ష జరుగునట్లు చూడవలెను, శక్తి లేనివారి ఖర్చు విద్యానిధినుండి భరింపవలెను. ఇదియు విద్యయే. రెండవది: ప్రతి శాఖయందును అనుభవము గల స్త్రీలు కొందఱు చంటిబిడ్డల యిండ్లకు వెళ్ళి, పట్టికలో బరువు చూచి, తల్లి చెప్పు మాట వినుటకు నియమింపబడవలెను. మూడవది: మన వివాహ పరిచయ వేదికలయందు జాతకములతోబాటు వయస్సును, రక్తసంబంధమును విచారించు నియమము పెట్టవలెను.

వీనికి తోడు తీర్మానముగ వ్రాయుటకు వీలుకాని మాట యొకటి గలదు. తల్లి తన బిడ్డనుగూర్చి సందేహించినపుడు ఇంటి పెద్దలామె నోరు మూయింపరాదు. ఆమె దినమంతయు చూచునది. మనము సాయంకాలము చూచువారము.

మా దౌహిత్రుడు నేడు వినికిడి యంత్రము ధరించి బడికి పోవుచున్నాడు. చదువును, మాటలాడును; కొన్ని యక్షరములు కష్టపడి పలుకును. నాలుగేండ్లు దాటిన పిదప నొక నాటి యుదయమున వాడు మా వైపు చూచి మొదటిమారు “తాత” యనెను. ఆనాడు మా యింట పంచదార చిలుకలు పంచితిమి. పుచ్చుకొనినవారందఱును సంతోషించిరి. ఆ చిలుకలు మఱి కొన్నాళ్ళు ముందుగ పంచవలసినవని మాకు మాత్రము తెలియును. మీ యిండ్లలో నవి వేళకు పంచబడుగాక.